సముద్రం అవతలి మంగళవారం

నా చెల్లి పిట్టకి,

అక్క చెబుతుంటే కోడలు రాస్తోంది. రాసి, ఫోటో తీసి నీ ఫోనుకి పంపుతుంది. నేను నీ దగ్గరికి రావడం తనకి ఇష్టం లేదు. అయినా రాస్తోంది. లేకపోతే ఎదురింటి టైలరు చేత రాయిస్తానన్నాను, అప్పుడు వీధంతా చదువుతుంది.

నీ గొంతులో పుండు సంగతి నీ కొడుకు నోరు జారి చెప్పేశాడు. బుధవారం పొద్దున్నే కోస్తారట, ఇక నీకు మాట ఉండదట. ఇంత జరుగుతుంటే నా ఫోను ఎత్తడం మానేసి, "దూరం అక్కా, రావద్దు" అని ఒక్క ముక్క రాసి పడేస్తావా? ఈ దీవి నుంచి తూర్పున మీ ఒడ్డుకి దూరమెంతో కనుక్కున్నాను. తొమ్మిది వేల కిలోమీటర్లు, అడుగున అంతా నీళ్ళే, పదకొండు గంటలు గాలిలో. అంతసేపు కూర్చుంటే కాళ్ళు వాస్తాయని మావాడి గోల. మీ బావ కోసం ఆస్పత్రి వరండాలో నెలల తరబడి కూర్చున్నాను, ఏ కాలూ ఊడిపోలేదు. పోయినేడు మా ఇంట్లో అందరికీ తీయించిన వీసాలకి గడువుంది.

చిక్కల్లా ఒకటే. సీట్లు మంగళవారం సాయంత్రానికే ఉన్నాయి. కోడలు వేళ్ళు మడిచి లెక్క కట్టింది. బుధవారం తెల్లవారుజామున దిగుతానట, ఆస్పత్రికి చేరేలోపే నిన్ను లోపలికి తీసుకెళ్ళిపోతారట. నీ మాట వినకుండా నేను ఊరుకోను. మీ డాక్టరుని ఒక్క రోజు ఆగమని చెప్పు. అక్క చెప్పిందని చెప్పు.

నీ అక్క
(వేలిముద్ర)


పిట్టా,

నీ జవాబు కోడలు చదివింది. మళ్ళీ చదవమంటే గొంతు తగ్గించి చదివింది. ఆపరేషన్ ఆగదన్నావు, సరే. "నాకు మాట ఉండదు, నీకు చదువు రాదు. నేను పలక మీద రాస్తే నువ్వేం చేస్తావక్కా, ఇద్దరం దుంగల్లా కూర్చుంటామా?" అన్నావు. చదువు రాదని నన్ను అందరూ అన్నారు. ఇన్నేళ్ళలో నువ్వు అనలేదు. ఇప్పుడు నువ్వూ అన్నావు.

పెళ్ళిళ్ళయ్యేదాకా మనం మన దేశంలో మరమగ్గాల షెడ్డులో పనిచేశామా, లేదా? అన్నీ ఒక్కసారి మోగుతుంటే చెవిలో అరిచినా వినపడేది కాదు. నువ్వు ఆ చివర, నేను ఈ చివర. పెదాలతో, వేళ్ళతో పొద్దుగూకేదాకా కబుర్లే. మేస్త్రీ నడకని వెక్కిరించుకుని ఆయన ఎదురుగానే నవ్వాం, ఆయనకి తెలిసిందా? నీ కొడుకు అంత చదివాడు కదా, నీ చెయ్యి చదవగలడా? నర్సు పలక వెతికేలోపు నీకు దాహమో, నొప్పో, ఊరికే విసుగో నేను చెప్పేస్తాను. నేను రావలసింది అందుకు.

నిన్న కోడలు టికెట్ల ఆఫీసుకి వెళ్ళింది, తన లెక్కే సరైనదని నాకు రుజువు తేవడానికి. తిరిగొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడింది. సముద్రం మధ్యలో కంటికి కనపడని గీత ఒకటి ఉందట, అది దాటితే తారీఖు ఒక రోజు వెనక్కి పోతుందట. ఇక్కడ మంగళవారం సాయంత్రం ఎక్కితే, మీ దగ్గర అదే మంగళవారం పొద్దున దిగుతామట.

"దిగుతామా, దిగుతానా?" అన్నాను.

"దిగుతామే అత్తయ్యా. రెండు టికెట్లు తీశాను" అంది.

ఈ మాట రాయడానికి తనకి సిగ్గు. నేను వదల్లేదు, రాయించాను.

బుధవారం పొద్దుటిదాకా నీ గొంతు నాది. పలకరించడానికి వచ్చే వాళ్ళందరితో మాట్లాడి దాన్ని అరగదీయకు. నన్ను తిట్టాలనుకున్నవన్నీ దాచి ఉంచు, ఎదురుగా కూర్చుని తిట్టించుకుంటాను.

వస్తున్న
నీ అక్క
(వేలిముద్ర)