విసరమన్నది ఎవరు

డెంప్సీ, అలబామా
మే 11, 1993

ప్రియమైన ఆల్టన్‌కు,

నీకు ఉత్తరం రాసి ఏడాది దాటింది. నన్ను తిట్టుకుంటూనే ఉంటావని తెలుసు. ఇక్కడ అంతా కులాసా. మా ఆవిడ లోరీన్‌కు మోకాలి నొప్పి తగ్గింది. నా హైస్కూలు ఫుట్‌బాల్ జట్టు పోయిన సీజన్‌లో నాలుగు ఆటలు ఓడింది. దాంతో క్షవరం షాపులో నన్ను చూసి పేపరు అడ్డం పెట్టుకునేవాళ్ళు ఎక్కువయ్యారు.

అసలు విషయానికి వస్తాను. కాలేజీ వాళ్ళు స్టేడియం ముందు కోచ్ స్ట్రౌడ్ విగ్రహం పెడుతున్నారు. తొమ్మిదడుగుల కంచు విగ్రహం, నెత్తిన టోపీతో సహా. ఆయన పోయి ఆరేళ్ళయింది కదా, ఇప్పటికి కుదిరింది. సెప్టెంబరు నాలుగో తేదీ శనివారం, సీజన్ మొదటి ఆటకు ముందు ముసుగు తీస్తారు. విగ్రహం కింద మన 1966 నవంబరు ఆటే చెక్కుతారట. ‘నాలుగో ప్రయత్నం. అందరూ సమం చాలన్నారు. ఆయన గెలుపు కావాలన్నాడు.’ ఆ మాటలు రెండుసార్లు బయటికి చదువుకున్నాను.

ఆ క్షణంలో మైదానంలో ఉన్న పదకొండు మందినీ పిలుస్తున్నారు. ఏడుగురు వస్తామన్నారు. ఇద్దరు పోయారు. నేను ఎలాగూ ఉన్నాను, మాట్లాడేది కూడా నేనే. ఇక మిగిలింది నువ్వొక్కడివి. కోచ్ నోట్లోంచి వచ్చిన మాట నా చెవిలో వేసినవాడివి నువ్వు. నువ్వు పక్కన లేకపోతే ఆ కథ ఎలా చెప్పను? ఈ ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కాలేజీ ఊళ్ళో అడుగు పెట్టలేదు నువ్వు. ఈసారి నా కోసం రా.

నువ్వు కాపాడితే బంతి విసిరిన నీ పాత క్వార్టర్‌బ్యాక్,
రాయిస్ హాడక్

•

లాటిమర్ బే
మే 24, 1993

ప్రియమైన రాయిస్,

ఉత్తరం అందింది. రొయ్యల పడవ ఇంజన్‌లో మోచేతుల దాకా చేతులు పెట్టి ఉన్నాను, అందుకే కాగితానికి ఈ మరకలు. లోరీన్‌ను అడిగానని చెప్పు.

తొమ్మిదడుగులా? మనిషి ఐదడుగుల ఏడంగుళాలే కదరా. చచ్చిపోయాక కూడా పెరుగుతున్నాడన్నమాట.

నేను రాను. కోపంతో కాదు, లెక్క తేలక. ఈ మహా కోచ్‌ల గొప్పతనమంతా దేనితో కొలుస్తారో నాకు అర్థం కాదు. మూడు రాష్ట్రాల్లో మేలైన కండగల ప్రతివాణ్ణీ ఏరుకొచ్చుకున్నాడు స్ట్రౌడ్. అలాంటి జట్టును ఇస్తే మా వెర్నా అత్త కుట్టుపని చేసుకుంటూ ఏడు ఆటలు గెలిపించేది. ఆటలో వేసే ఎత్తులన్నీ గీసింది ఎవరు? బీజ్లీ. పాపం ఆ సహాయకుడు పసుపు కాగితాల మీద వారమంతా గీసేవాడు. శనివారం ఆ కాగితం చుట్టి చేత్తో పట్టుకుని ఫొటో దిగేది మాత్రం ఈయన. మరి బీజ్లీకి విగ్రహం ఏదీ? కనీసం రెండడుగులది?

ఓడితే కుర్రాళ్ళ తప్పు, గెలిస్తే కోచ్ బుర్ర. పత్రికలవాళ్ళు ముప్ఫై ఏళ్ళు ఇదే రాశారు. మీరంతా ఇదే నమ్మారు. నువ్వు మాట్లాడు, చప్పట్లు కొట్టించుకో. నన్ను మాత్రం వదిలెయ్.

నీ ఆల్టన్ పర్విస్

•

డెంప్సీ
జూన్ 2, 1993

ప్రియమైన ఆల్టన్,

నీ ఉత్తరం లోరీన్‌కు చదివి వినిపిద్దామని మొదలుపెట్టి సగంలో ఆపేశాను.

కోచ్ నూట ఎనభై ఏడు ఆటలు గెలిచాడు. అవి వెర్నా అత్త గెలవలేదు. కండగల కుర్రాళ్ళు అవతలి జట్లకు లేరా? మన జట్టుకు వచ్చినవాళ్ళలో సగం మంది నూలు మిల్లు పిల్లలు, అప్పటిదాకా టై అనేది చావుల దగ్గరే చూసినవాళ్ళు. నన్ను నిలబెట్టి టై ముడి నేర్పింది ఆయనే. మా నాన్న పోయినప్పుడు వానలో రెండు గంటలు సమాధి దగ్గర నిలబడ్డాడు. బీజ్లీ ఎత్తులు గీశాడు, ఒప్పుకుంటాను. వాటిలో ఏది ఎప్పుడు వేయాలో చెప్పడం గీయడం కంటే కష్టం. అది ఇరవై రెండేళ్ళుగా కోచ్ పని చేస్తున్న నాకు తెలిసినంతగా ఇంజన్లు విప్పేవాడికి తెలియదు.

నాలుగో ప్రయత్నం, అదే ఆఖరుది. ముప్ఫై ఎనిమిది సెకన్లు ఉన్నాయి. మూడు పాయింట్లు వెనకబడి ఉన్నాం. బంతిని గోల్ కర్రల మధ్యకు తన్ని, ఆ మూడూ తెచ్చుకుని సమం చేసుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆయన మాత్రం ఇరవై ఏళ్ళ కుర్రాడి చేతిని నమ్మి విసరమన్నాడు. ఆ నమ్మకం మీదే నేను బతికాను. నా దగ్గర ఆడిన ప్రతి పిల్లవాడికీ ఆ కథ చెప్పాను. దాన్ని నువ్వు వేళాకోళం చేస్తే నాకు నొప్పిగా ఉంటుంది.

నీకు అసలు కడుపుమంట ఎందుకో నాకు తెలుసు. ఆ డిసెంబరులో నిన్ను జట్టులోంచి తీసేశాడు. అది వేరే సంగతి, దాన్ని దీనిలో కలపకు.

రాయిస్

•

లాటిమర్ బే
జూలై 19, 1993

ప్రియమైన రాయిస్,

ఆరు వారాలు ఆలోచించాను. మూడుసార్లు రాసి చింపాను. ‘వేరే సంగతి’ అన్నావు చూడు, ఆ మాట దగ్గరే ఆగిపోతున్నాను.

అది వేరే సంగతి కాదురా. అదే సంగతి. ఇప్పుడు చెబుతాను, కూర్చుని చదువు.

గీత బయట నుంచి అరిస్తే ఆ గోలలో నీకు వినబడేది కాదు. కోచ్ మాట మోసుకుపోయే గార్డులం ఇద్దరం ఉండేవాళ్ళం, ఎత్తుకు ఒకరం చొప్పున పరుగెత్తేవాళ్ళం. మాట నీకు చెప్పడం, నా చోట నిలబడి ఎదుటివాణ్ణి నెట్టడం, అదీ నా ఉద్యోగం. ఆ నాలుగో ప్రయత్నం ముందు కోచ్ నా జెర్సీ పట్టుకుని ముఖం దగ్గరికి లాక్కున్నాడు. ఆయన అన్నది అక్షరం పొల్లు పోకుండా ఇది: “తన్నండి. సమం చాలు. ఆ హాడక్‌గాడి చేతికి బంతిచ్చి నా కొంప ముంచుకోను.”

ముప్ఫై గజాలు పరుగెత్తాను. సగం దూరంలో నీ మొహం కనిపించింది. ఆ రోజు అంతకుముందు పద్నాలుగు విసిరితే పదకొండు చేతుల్లో పడ్డాయి, నేను లెక్కపెట్టాను. వాళ్ళ కుడి మూల కాపలావాడు కుంటుతున్నాడు, అది గీత బయట నిలబడ్డవాళ్ళకు కనబడదు. ఆటగాళ్ళ గుంపులోకి వచ్చి నీకు చెప్పాను, కుడి మూలకు విసరమంటున్నాడు కోచ్ అని. నువ్వు విసిరావు. మిగతాది ఊరంతా పాడుకుంటోంది.

పత్రికలవాళ్ళు ఆయన్ను చుట్టుముట్టి ఎంత ధైర్యం సార్ మీది అన్నారు. ఆయన టోపీ సర్దుకుని నవ్వాడు. కాదు అనలేదు. మూడు వారాలకు నాకు ఒక కాగితం వచ్చింది: జట్టులో చోటు లేదు, కాలేజీ ఇచ్చే చదువు ఖర్చు ఆగిపోతుంది. విద్యార్థిగా ఉన్నంతకాలమే సైన్యం మనల్ని పిలవకుండా ఉండేది. డబ్బు లేక చదువు మానేశాను, ఏప్రిల్‌లో పిలుపు వచ్చింది. తర్వాత పదమూడు నెలలు వియత్నాం. ఎడమకాలు ఎలా తయారైందో నువ్వే చూశావు.

నిన్ను నమ్మింది ఆయన కాదు రాయిస్, నేను. ఇన్నాళ్ళూ చెప్పలేదు, నీ కథ నీకు ఉండనీ అనుకున్నాను. దాన్ని కంచులో పోసి ఆయన కాళ్ళ కింద పెడతామంటే మాత్రం ఊరుకోలేను. నేను వస్తాను. మొదటి వరసలో కూర్చుంటాను. విసరమన్నది స్ట్రౌడ్ అని నువ్వు మైకులో అన్నావంటే, అక్కడే లేచి నిలబడతాను.

ఆల్టన్

•

డెంప్సీ
జూలై 26, 1993

ఆల్టన్‌కు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. లోరీన్‌కు చూపించలేదు.

బతిమాలుకుంటున్నాను, అక్కడ లేవకు. శ్రీమతి స్ట్రౌడ్‌కు ఎనభై ఒకటి. చక్రాల కుర్చీలో తీసుకొస్తున్నారు. ఆవిడ ముందు ఇది వద్దు. నాలుగు వేల మంది ఉంటారు, వాళ్ళలో నా దగ్గర ఆడినవాళ్ళే రెండు వందల మంది. వాళ్ళకు నేను చెప్పిందంతా ఏమవుతుంది? నాకు యాభై దగ్గర పడుతోంది ఆల్టన్. ఈ వయసులో మనిషి కొత్తగా ఏ కథ మీద నిలబడతాడు?

ఇప్పుడు ఇది బయటపెట్టి నీకు వచ్చేదేముంది? నీ కాలు బాగుపడుతుందా?

రాయిస్

•

లాటిమర్ బే
ఆగస్టు 9, 1993

ప్రియమైన రాయిస్,

నువ్వు నన్ను అబద్ధాలకోరు అనలేదు. దానికి సంతోషం. అంటావని భయపడ్డాను. ఎంతైనా స్నేహితుడివి, చెప్పగానే నమ్మావు.

నా కాలు బాగుపడదు. నాకు వచ్చేది ఒకటే, మన ఇద్దరి మధ్య ఆ మనిషి నిలబడి ఉండడు. నీకు గుర్తుందో లేదో, నేను సైన్యానికి వెళ్ళేటప్పుడు బస్సు దగ్గరికి వచ్చావు. మాట్లాడకుండా నిలబడి వెళ్ళిపోయావు. కోచ్‌కు భయపడ్డావనుకున్నాను, అప్పుడే క్షమించేశాను.

న్యాయంగా మాట్లాడాలి గనక స్ట్రౌడ్‌కు ఒక మార్కు వేస్తున్నాను. మాట మార్చింది నేనేనని ఆయన తనంతట తాను పట్టేశాడు. గుంపులో నేను నీ చెవి దగ్గర చెప్పాను, ఇంకెవరూ వినలేదు. నువ్వే సొంతంగా ఎత్తు మార్చేశావని ఆయన అనుకుని ఉండవచ్చు. వేరే ఎవరైనా అలాగే అనుకునేవాళ్ళు. ఆదివారం ఆట తీసిన సినిమా వేసి చూసి, నా నడకలోనో భుజంలోనో ఏదో కనిపెట్టి ఉంటాడు. మనుషుల్ని చదవడంలో ఆయన అసాధ్యుడు. ఆ ఒక్కటీ అతిగా పొగిడింది కాదు, నిజంగా ఉన్నదే.

నాలుగో తేదీ పొద్దున్నే బయలుదేరి వస్తాను. నిర్ణయం నీది.

నీ ఆల్టన్

•

డెంప్సీ
సెప్టెంబరు 7, 1993

ప్రియమైన ఆల్టన్‌కు,

నువ్వు ఇంటికి చేరి ఉంటావు. శనివారం నుంచి రోజూ రాత్రి ఈ బల్ల దగ్గరే కూర్చుంటున్నాను. ఏమైందని లోరీన్ అడుగుతోంది. ముందు నీకు చెప్పాక ఆవిడకు చెబుతాను.

ఆ మైకు ముందు నేను ఏం మాట్లాడానో నీకు మళ్ళీ చెప్పనక్కర్లేదు. జేబులో రెండు కాగితాలు ఉన్నాయి. రెండోది తీశాను. కోచ్ తన్నమన్నాడని, విసరమన్నది నువ్వని చెప్పాను. ముందు నవ్వారు చూశావా, హాస్యమాడుతున్నాననుకుని. తర్వాత వెనక నుంచి ఎవడో “దిగవయ్యా కిందికి” అన్నాడు. నా దగ్గర ఆడిన పిల్లల మొహాల వైపు చూడలేకపోయాను. శ్రీమతి స్ట్రౌడ్ మాత్రం తల వంచుకుని చేతి తొడుగు తీసి మళ్ళీ వేసుకుంది. తర్వాత నన్ను పిలిచి చెప్పింది, 1966లో ఆ శనివారం గెలిచి ఇంటికొచ్చిన ఆయన భోజనం ముట్టకుండా వరండాలో కూర్చున్నాడట, ఎందుకో ఇప్పటిదాకా తెలియలేదట. ఆవిడకు కోపం రాలేదు. దాంతో ఇంకా సిగ్గనిపించింది.

అప్పుడు నువ్వు కుంటుకుంటూ మెట్లెక్కి వచ్చావు. నాలుగు వేల మంది ముందు నన్ను కావలించుకుని, “నువ్వు మగాడివిరా రాయిస్. నాకు రావలసిన బాకీ తీరిపోయింది” అన్నావు. నీ కళ్ళలో నీళ్ళు చూశాను. నా జీవితంలో నన్ను అంత గట్టిగా కొట్టినవాడు లేడు.

నేను అక్కడ సగమే చెప్పాను ఆల్టన్. చెప్పడానికి తేలికైన సగం.

ఆ ఆట మర్నాడు ఆదివారం, చర్చికి ముందు, సినిమా గదికి నన్ను ఒక్కణ్ణే పిలిపించాడు కోచ్. ప్రొజెక్టరు ఇంకా వెలిగించనే లేదు. తెర మీద బొమ్మే లేదు. ఆయన సినిమాలో ఏమీ చూడలేదు, నీ నడకలో ఏమీ చదవలేదు. ఆయనకు తెలియదు గనకే పిలిచాడు. అడిగింది ఒకటే మాట, “నా మాట మార్చింది నువ్వా, పర్విసా?”

నేనే అని అంటే అయిపోయేది. గెలిపించిన క్వార్టర్‌బ్యాక్‌ను తీసేసే ధైర్యం ఆయనకు లేదు, అది ఆ క్షణంలోనే నాకు తెలుసు. నాలుగు తిట్లు తిట్టి వదిలేసేవాడు. కానీ ఆయన దృష్టిలో మాట వినేవాడిగా ఉండాలనిపించింది. ఇరవై ఏళ్ళవాణ్ణి, ఆ మనిషి భుజం తడితే చాలనుకునేవాణ్ణి. “పర్విస్, సార్. మీరు విసరమన్నారని చెప్పాడు, నేను నమ్మాను,” అన్నాను. ఆయన భుజం తట్టాడు.

నేనేం చేశానో నీ పేరు జట్టు పట్టికలో లేకుండా పోయినప్పుడు తెలిసింది. సైన్యం నుంచి పిలుపు వచ్చినప్పుడు తెలిసింది. బస్సు దగ్గర చెప్పేద్దామని వచ్చి, చెప్పకుండానే వెళ్ళిపోయాను. దాన్ని నువ్వు భయమనుకుని క్షమించావని ఆగస్టు ఉత్తరంలో చదివి, ఇంటి వెనక సామాను కొట్లో గంట సేపు ఒక్కణ్ణే కూర్చున్నాను.

ఆయన్ను నేను అంత ఎత్తున ఎందుకు నిలబెట్టానో ఇప్పుడు అర్థమైందా? ఆయన మహానుభావుడైతే, ఒక మహానుభావుడి కోసం స్నేహితుణ్ణి పోగొట్టుకున్నానని సర్దిచెప్పుకోవచ్చు. మామూలు మనిషి అయితే నేను దేని కోసం నిన్ను అప్పజెప్పినట్టు? అందుకే ఏడాదికేడాది ఆయన కథ పెంచుతూ పోయాను. చివరికి నేనే నమ్మాను.

నువ్వు ఆయనకు వేసిన ఆ ఒక్క మార్కు కొట్టెయ్. ఆయన నిన్ను పట్టుకోలేదు. నేను చెప్పాను.

రాయిస్