కోపాన్ని చూడమన్నావు

అక్కా,

నువ్వు చనిపోయావని చెప్పడానికి మా ఆయన ఈ ఉదయం బీదర్ వచ్చాడు. హైదరాబాదులో అపార్ట్‌మెంట్లు జోరుగా లేస్తున్నాయని మేస్త్రీ పనికి వెళ్లి, తర్వాత నిన్ను పిలిపించుకుని కాపురం పెట్టిన మనిషి.

మా పక్కింట్లో ఉన్న రోజుల్లో నన్ను బుద్ధవిహారానికి తీసుకెళ్లి, కోపం వస్తే తోసేయకుండా చూస్తూ కూర్చోమని నేర్పింది నువ్వే. మీరిద్దరూ వెళ్లిపోయాక ఆ కోపాన్ని ఐదేళ్లు చూశాను. తగ్గలేదు.

"ఇగ ఈడ్నే ఉంట," అన్నాడు గడప బయట నిలబడి.

"అన్నం పెడ్త, తిని పో. ఇంట్ల మాత్రం ఉండనియ్య," అన్నాను.

తిని వెళ్లాడు. తర్వాత విహారంలో నేర్చుకున్నట్టే కళ్లు మూసుకుని, తెలిసినవాళ్లను ఒక్కొక్కరినే తలచుకుని సుఖంగా ఉండాలని కోరుకున్నాను. ఆయన పేరు కూడా పలికాను.

నీ పేరు మాత్రం నోటికి రాలేదక్కా.