ఐదు తులాల ఇజ్జత్

ఆగస్టు 1

జీతం పడింది. పద్నాలుగు వేలు. సాయంత్రానికి అద్దె, మా బాబు యశ్వంత్ స్కూల్ వ్యాన్, పాలు పోగా ఐదు వేలు మిగిలాయి. ఈసారి ఎవరడిగినా ఇచ్చేది లేదు. కింది దవడ పన్ను రెండు నెలలుగా ప్రాణం తోడేస్తోంది. పద్మారావు నగర్‌లో డెంటల్ క్లినిక్ రిసెప్షనిస్టుని, నా పన్నే పుచ్చింది! దేవకృప డాక్టరమ్మ స్టాఫ్ రేటు నాలుగున్నర వేలకే రూట్ కెనాల్ చేస్తానంది. ఇంకా లేటు చేస్తే పీకడమేనని కూడా అంది. ఆదివారం ఖాయం.

ఆగస్టు 2

మా ఆయన రాఘవేందర్ ఫంక్షన్లకు ఎవరేం పెట్టారో రాసుకున్న కట్నాల బుక్కు తీశాడు. ఆయన అక్క ఊర్మిళ వదిన సీతాఫల్‌మండిలో ఫ్లాట్ కొన్నది, గృహప్రవేశానికి ఏం పెట్టాలో చూడాలట. యశ్వంత్ పుట్టువెంట్రుకలకు ఆమె ఐదు తులాల వెండి గిన్నె పెట్టినట్టు రాసుంది. అప్పుడది రెండు వేలు. ఇప్పుడు ఆరు దాటుతుంది. డబ్బులే పెడదామన్నాను. వెండికి వెండే పెట్టాలె, జెర తక్కువైనా అక్క ముంగట ఇజ్జత్ పోతదన్నాడు. నీ జీతమేదని అడిగాను. బైకు, ఫోను, ఫ్రిజ్ ఈఎమ్‌ఐలకే పోయిందట. నీ పన్ను యాడికి పోతది, వచ్చే నెల చేపిచ్చుకో అన్నాడు.

అరిచాను. ఏడ్చాను. ఏడ్చి, ఐదు వేలూ ఆయన ఫోనుకు పంపాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

ఆగస్టు 3, ఆదివారం

వెండి కొట్లో ఐదున్నర తులాల గిన్నె చూపించమన్నది ఎవరనుకున్నారు? నేనే. వదిన మూతి విరుపులు నాకు తెలియవా! పైన పడ్డదంతా క్రెడిట్ కార్డు మీద గీకాం.

ఆగస్టు 8

గృహప్రవేశం అయింది. వదిన మా డబ్బా తెరవనైనా తెరవలేదు. బుక్కులో రాయించి కుప్పలో పడేసింది. ఎందుకే పిల్లా ఏం తింటలేవని నలుగురిలో అడిగింది. ఉపవాసమన్నాను.

ఆగస్టు 19

చెంప బూరెలా ఉబ్బింది. జ్వరం.

ఆగస్టు 20

పీకేశారు. పన్నులో ఇక కాపాడడానికేం మిగల్లేదంది డాక్టరమ్మ. డబ్బులు తీసుకోలేదు. నా వైపు జాలిగా చూసింది. తీసుకుని ఉంటే బాగుండేది.

ఆగస్టు 23

రాఘవేందర్‌కు పాపం తక్లీఫ్ అనిపించిందట. జ్యూసర్ కొనుక్కొచ్చాడు. తొమ్మిది వేలు. ఈఎమ్‌ఐ. నమిలే పని లేదు గదా, మంచిగ తాగు అన్నాడు. ఆ డబ్బుకు రెండు పళ్లు బతికేవి.

బత్తాయి రసం తీసిచ్చాడు. చాలా బాగుంది. మళ్లీ పోయించుకున్నాను.