గాలి లేని నాడు తిరిగిన మర

కృష్ణా జిల్లా దివి తాలూకా చినమొగ పల్లె కాపురస్తురాలు, కొక్కిలిగడ్డ పోలరాజు గారి భార్య కొండలమ్మ, వయసు ఇరవై మూడేళ్లు, విజయవాడ ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో తొమ్మిదో మంచం మీద కూర్చుని, తెలివి సరిగా ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బుజ్జగించకుండా, తన చేత్తో తాను రాసుకున్న వీలునామా ఇది.

రేపు మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు నా కడుపులో గడ్డ తీస్తారు. మంగళవారం వద్దని మా అత్త అంది. డాక్టరమ్మకు మంగళవారమే కుదిరింది. రెండు సీసాల రక్తం సిద్ధంగా ఉండాలన్నారు. రక్తం ఇచ్చేవాళ్ల కోసం మా ఆయన ఆటోనగర్ వెళ్లారు. ఆయన తిరిగొచ్చేలోగా ఈ కాగితం పూర్తి కావాలి. ఇందులో ఆయనకు తెలియని సంగతి ఒకటి ఉంది.

పక్క మంచం మీద ఉన్నావిడ భర్త రామకోటేశ్వరరావు గారు దస్తావేజులు రాస్తారు. కాగితాలు ఇచ్చింది ఆయనే. నేను మొదటి పేజీ చూపిస్తే, "అమ్మాయ్, వీలునామాలో ఆస్తులు రాయాలి గానీ సంగతులు రాయకూడదు" అన్నారు. నా దగ్గర ఆస్తుల కంటే సంగతులే ఎక్కువ. నేను ఐదో తరగతి వరకు చదివాను. నలుగురిలో నోరు విప్పలేను. కాగితం మీదైతే ఎవరూ నా ముఖం చూడరు.

1. ఆస్తి వివరం. చినమొగలో మా ఇంటి వెనక ఇసుక దిబ్బ మీద ఉన్న గాలిమర. అనగా బ్రష్షులున్న పాత డీసీ మోటారు ఒకటి, చెక్క రెక్కలు రెండు, తాటిమొద్దు స్తంభం, స్తంభం మొదట్లో కటౌట్ పెట్టె, లారీ బ్యాటరీ, రేడియో, బల్బు. ఇవన్నీ నా స్వంతం. మా ఆయనవి కావు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

2. ఆ మోటారు నాది ఎలా అయిందంటే, ఉప్పెన తర్వాత మా పల్లెలో పడవ మిగల్లేదు, వల మిగల్లేదు. మేమిద్దరం విజయవాడ వచ్చాం. వన్‌టౌన్‌లో మోటార్లకు తీగ చుట్టే అబ్దుల్ రవూఫ్ గారి వైండింగ్ షాపులో మా ఆయన పనికి కుదిరారు. షాపు వెనక గదిలో ఉండేవాళ్లం. దివి నుంచి మునిగిన మోటార్లు లారీల్లో వచ్చేవి. మిల్లువి, నీళ్లు తోడేవి. విప్పితే లోపల ఉప్పు బురద. ఒకదానిలో పీత ఎండిపోయి ఉంది. రవూఫ్ గారి భార్య సాలేహా గారు నాకు తీగ కింద పరిచే కాగితం కత్తిరించడం, తీగ చుట్టడం నేర్పారు. నేను ఏడో ఏట నుంచి వల అల్లినదాన్ని. మాట్లాడుతూ అల్లినా వల కన్ను తప్పదు. తీగ చుట్లూ అంతే. "మగాళ్లు లెక్క మధ్యలో బీడీ వెలిగిస్తారు. నీ చేతికి లెక్క తప్పదు బేటీ" అని రవూఫ్ గారు అనేవారు.

ఈ మోటారుకు కట్టిన చీటీ మీద ఉన్న మనిషి ఎన్నాళ్లకూ రాలేదు. రవూఫ్ గారు మనిషిని పంపి విచారిస్తే ఇంటిల్లిపాదీ ఉప్పెనలో పోయారని తెలిసింది. అప్పుడు ఆయన దాన్ని నా ముందు పెట్టి, "పోలరాజుకు జీతం ఇచ్చాను. నీ చేతులకు ఏమీ ఇవ్వలేదు. ఇది నీది" అన్నారు. నాది అనే మాట నాకు అది మొదటిసారి. పాత తీగ ఊడదీసి లావు తీగతో నేనే చుట్టాను. మొదటిసారి తప్పు చుట్టాను. ఎంత తిప్పినా బల్బు కన్ను తెరవలేదు. విప్పి మళ్లీ చుట్టాను. గాలికి తిప్పించాలన్న ఆలోచన మాత్రం మా ఆయనది. పల్లెకు కరెంటు లేదు, గాలికి కొదవ లేదు అన్నారు. మర నిలబెట్టాక నేను పల్లెలో మా అత్త దగ్గర ఉండిపోయాను, ఆయన షాపు పని చేసుకుంటూ వచ్చిపోయేవారు.

3. రెక్కలు. ఒకటో అంశంలో ఇవీ నావని రాశాను. తప్పు రాశాను. కొట్టివేతలుంటే కాగితం మీద అనుమానం వస్తుందన్నారు కనుక అలాగే ఉంచి ఇక్కడ సరిచేస్తున్నాను. ఆ రెక్కలు మా మామ పడవ చెక్క. ఉప్పెన నాడు మామ వేటలో ఉన్నాడు. పేరయ్య గారు మా కులపెద్ద. పల్లె మొత్తానికి రేడియో ఆయన ఇంట్లోనే ఉండేది. సెల్లులు అయిపోయి అది వారం రోజులుగా పలకలేదు. పలికి ఉంటే మామ పడవ ఒడ్డునే ఉండేది. తర్వాత మడ చెట్లలో ఆ పడవ చెక్క ఒకటి దొరికింది. మామ దొరకలేదు. ఆ చెక్కనే మా ఆయన రెక్కలుగా చెక్కారు. మా అత్త నాంచారమ్మను అడగలేదు. మర ఎత్తిన రోజు ఆమె చూసి, "సముద్రం ముంచింది చాలక నా మొగుడి పడవను మీరు ఉరేశారా" అంది. ఆ రోజు నుంచి దిబ్బ వైపు ముఖం పెట్టి అన్నం తినలేదు. ఆ మాటకు నేను చాలా రోజులు ఏడ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె అడిగింది న్యాయమే.

4. చిన్న వస్తువులు.

నా ఆకుపచ్చ నూలు చీర సాలేహా గారికి. రంగు బాగుందని ఒకసారి అన్నారు.

మా బావగారు కాశీరావు గారు, ఐదో అంశంలో రాసిన రెండో పంచాయితీలో నన్ను చూపించి, "ఉప్పెనలో పోయినవాడి మోటారు అది. వాడే తిప్పుకుంటున్నాడు. ఇప్పుడు ఈ పిల్ల కడుపులో దూరాడు" అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు. అయినా రోజూ సాయంత్రం రేడియోలో వాతావరణం చెప్పే వేళకు సరిగ్గా చుట్టకు నిప్పు కావాలని మా గుమ్మంలోకి వచ్చేది ఆయనే. సముద్రం సంగతి చెప్పడం పూర్తయ్యేదాకా ఆయన చుట్ట వెలగదు. వారికి నా అగ్గిపెట్టె, ముక్కాలిపీట రాస్తున్నాను. ఇకమీదట నిప్పు వంక లేకుండా వచ్చి కూర్చోవచ్చు.

నేను వల అల్లే వెదురు సూది ఈ వార్డు అమలమ్మ సిస్టరు గారికి రాద్దామనుకున్నాను. నిన్న గుణదల తిరునాళ్ల నుంచి వస్తూ కొండ మీద వెలిగించిన కొవ్వొత్తి ముక్క తెచ్చి నా తలగడ కింద పెట్టారు. సాక్షిగా ఉండేవాళ్లకు ఏమీ రాయకూడదట. అందుకని సూది ఇందాకే చేతికి ఇచ్చేశాను.

5. మా ఆయన చేసిన ప్రమాణం. మొన్న దసరా వెళ్లిన మూడో నాడు మిట్టమధ్యాహ్నం ఆకు కదలడం లేదు. మా మర తిరిగింది. వేగంగా కాదు, నిదానంగా, ఎవరో చేత్తో తోస్తున్నట్టు తిరిగింది. పల్లె అంతా దిబ్బ కింద చేరింది. మా అత్త ఆ రెక్కల కేసి చూసి కూలబడింది. మా ఆయన అప్పుడు విజయవాడలో ఉన్నారు. ఆయన వచ్చాక పేరయ్య గారు పంచాయితీకి పిలిపించి, "గాలి ఉంటే తిరిగేది గాలిమర. గాలి లేకుండా తిరిగేదాన్ని ఏమంటారో నువ్వే చెప్పు పోలరాజూ" అన్నారు. ఆయన మోటారు దించి మొత్తం విప్పి చూశారు. తప్పు కనిపించలేదు. తల దించుకుని మళ్లీ బిగించారు.

నెల తిరక్కుండా నాకు కడుపులో నొప్పి మొదలైంది. మళ్లీ పంచాయితీ పెట్టారు. ఆ రోజు అందరి ముందు మా ఆయన చేతిలో సముద్రం నీళ్లు పోసుకుని, "కొండలమ్మ ఊళ్లోకి నడిచొస్తే మర ఉంటుంది. మోసుకొస్తే నా చేతులతో నేనే పీకి సముద్రపు మొగలో పడేస్తాను" అన్నారు.

ఆయన మాట తప్పే మనిషి కాదు. నేను రేపు పోతే ఎల్లుండి మర పోతుంది. రేడియో పోతుంది. పేరయ్య గారి సెల్లులు మళ్లీ ఏదో ఒక రోజు అయిపోతాయి. ఆ రోజు వేటలో ఎవరి పడవ ఉంటుందో ఎవరికి తెలుసు.

అందుకే రాస్తున్నాను. మనిషి తన వస్తువు మీదే ప్రమాణం చేయగలడు. ఆ మోటారు నా కూలి. ఆ ప్రమాణం దానికి తగలదు. ఇది చెల్లుతుందా అని రామకోటేశ్వరరావు గారిని అడిగాను. కళ్లజోడు తుడుచుకుని, చెల్లుతుంది అన్నారు.

6. ఇక దాచిన సంగతి. ఇది పేరయ్య గారి ముందు, పల్లె అందరి ముందు పైకి చదవాలి.

స్తంభం మొదట్లో ఉన్న కటౌట్ పెట్టెలో ఇనప నాలుక ఒకటి ఉంటుంది. గాలి వీచినప్పుడు అది కిందికి వాలి, మోటారులో పుట్టిన కరెంటుకు బ్యాటరీలోకి దారి ఇస్తుంది. గాలి ఆగితే పైకి లేచి దారి మూసేస్తుంది. మూయకపోతే బ్యాటరీలో దాచిన కరెంటు వెనక్కి వచ్చి మోటారును తిప్పుతుంది. ఆ పెట్టె ముట్టుకోవద్దని ఆయన నాకు మరీ మరీ చెప్పారు.

దసరాకు ఆయన రాలేకపోయారు. ఆయుధ పూజ నేనే చేశాను. కత్తిపీటకు, వల సూదికి, గునపానికి బొట్టు పెట్టాను. మర ప్రాణం ఆ పెట్టెలో ఉందనిపించి మూత తీశాను. నాలుక మీద పసుపు ముద్ద పెట్టి, వేలితో అదిమి, కుంకుమ అద్దాను. ముద్ద ఎండి గట్టిపడి నాలుకను కిందికే పట్టేసింది. రెండు రోజులు గాలి ఉంది కనుక ఎవరికీ తెలియలేదు. మూడో రోజు గాలి పడిపోయింది. బ్యాటరీ మరను తిప్పింది.

ఆ సాయంత్రం రేడియో గొంతు పీలగా పలికింది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. పెట్టె తెరిచి గోటితో పసుపు గీకేశాను. నాలుక పైకి లేచింది. మర ఆగింది. ఆయన వచ్చి విప్పేసరికి చూడటానికి ఏమీ మిగల్లేదు. నేనే మిగలనివ్వలేదు.

మొదటి పంచాయితీ నాడు నేను ఆడవాళ్ల వెనక నిలబడి ఉన్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. నోరు రాలేదు. తర్వాత రోజు చెబుదామనుకున్నాను. ఆ తర్వాత రోజు అనుకున్నాను. ఆయన చేతిలో నీళ్లు పోసుకున్నప్పుడు కూడా గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నాకు కారణం తెలుసు. తెలిసీ, నొప్పి ఎక్కువైన రోజుల్లో, వాళ్లు అన్నదే నిజమేమో అనుకున్నాను. నా కడుపులో గడ్డ మూడేళ్లకు తక్కువ నాటిది కాదని డాక్టరమ్మ అన్నారు. చీటీ మీద రాయించుకుని ఇందులో జత చేశాను. మర నిలబెట్టి పది నెలలు. నేను పోతే గడ్డ వల్ల పోయాను. మర వల్ల కాదు.

7. నమ్మకం కలగనివారి కోసం. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత అబ్దుల్ రవూఫ్ గారికి అప్పగిస్తున్నాను. ఆయన చినమొగ వచ్చి, గాలి లేని ఒక మధ్యాహ్నం చూసి, పల్లెను దిబ్బ దగ్గరికి పిలవాలి. పెట్టె తెరిచి నాలుకను బొటనవేలితో నొక్కాలి. మర తిరుగుతుంది. వేలు తీయాలి. ఆగుతుంది. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు. దెయ్యమైతే వేలు మాట వినదు.

నొక్కే వేలు రవూఫ్ గారిది కాకూడదు. పట్నం మిస్త్రీ కనికట్టు చేశాడంటారు. ఎవరి వేలో తొమ్మిదో అంశంలో రాశాను.

8. మా ఆయనకు. చుట్ల లెక్క రాసిన నా నోటు పుస్తకం ఆయనకు. ఆయన పేరు ఈ కాగితం మీదే మొదటిసారి రాశాను. నాలుగు అక్షరాలే, రాసి రెండుసార్లు చదువుకున్నాను. మళ్లీ పెళ్లి చేసుకోమని రాయను. వద్దనీ రాయను. నా మీద కోపం వస్తే రానివ్వండి. పల్లె ముందు మీరు తలదించుకున్నది నా వల్ల. మోటారు చుట్టిన చేయి ఎవరిదని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి. ఇప్పటిదాకా అందరూ మీదే అనుకుంటున్నారు. అది నాకు బాగానే ఉండేది. ఇప్పుడు మాత్రం చెప్పాలని ఉంది.

9. గాలిమర మొత్తం, సర్వహక్కులతో, మా అత్త కొక్కిలిగడ్డ నాంచారమ్మకు దఖలు పరుస్తున్నాను. రెక్కలు ఎటూ ఆమెవే. వాటి కింద ఉన్న మోటారు కూడా ఆమెకే చేరాలి. ఉంచుతుందో పీకుతుందో ఆమె ఇష్టం. కానీ ముందు ఆ నాలుక మీద వేలు ఆమె పెట్టాలి. అది ఆమె కట్టుకున్నవాడి పడవ. ఆమె వేలితో తిరగాలి, ఆమె వేలితో ఆగాలి.

ఇంకొక మాట. ఆరో అంశం నేను పోతేనే చదవాలని మొదట అనుకున్నాను. బతికితే కాగితం చింపేయవచ్చు, ఎవరికీ తెలియదు, మర ఉంటుంది, నా మాట నాలోనే ఉంటుంది. ఈ ఆలోచన రాగానే ఎంత హాయిగా అనిపించిందో. ఆ హాయి చూసి నాకే భయం వేసింది. నేను నడిచి వెళితే, మరలోని దెయ్యం నన్ను వదిలేసిందంటారు. రేపు ఇంకొకరికి జ్వరం వస్తే మళ్లీ పట్టుకుందంటారు. కాబట్టి నేను బతికినా సరే, ఆరో అంశం చదవాలి. నేను పక్కనే నిలబడి ఉంటాను. బతికున్న మనిషి వీలునామా అమలు కాదని రామకోటేశ్వరరావు గారు అన్నారు. కాకపోయినా రాశాను. నేను వెనక్కి తగ్గకుండా ఈ కాగితం రవూఫ్ గారి దగ్గర ఉంచమని రామకోటేశ్వరరావు గారి చేతికే ఇస్తున్నాను.

అత్తా, వచ్చే దసరాకు మరకు పసుపు పెట్టాలనిపిస్తే స్తంభానికి పెట్టు. పెట్టె మూత తీయకు.

విజయవాడ, కాళయుక్తి నామ సంవత్సరం మాఘ పౌర్ణమి, సోమవారం, 12-2-1979. మెట్ల మీద మా ఆయన మాట వినిపిస్తోంది. ఇంకా ఇద్దరి మాటలూ వినిపిస్తున్నాయి. రక్తం దొరికినట్టుంది.

సంతకం: కొక్కిలిగడ్డ కొండలమ్మ

సాక్షులు:
1. రామకోటేశ్వరరావు, దస్తావేజు లేఖరి, విజయవాడ. పై సంతకం నా ఎదుట చేశారు.
2. అమలమ్మ, నర్సు, ఆడవాళ్ల వార్డు.