బూషా అడిగిన చోటు

జనవరి 7, బుధవారం

పొద్దున్నే లేచి అలవాటుగా ఓట్స్ కలిపాను. కలిపాక గుర్తొచ్చింది. పారబొయ్యడానికి మనసొప్పలేదు, నేనే తిన్నాను. ఉప్పూ కారం లేని ఆ జావ ఇన్నేళ్ళు ఎలా తిన్నదో మహాతల్లి.

బూషా నిన్న మధ్యాహ్నం పోయింది. నిద్రలోనే. ఇక్కడ ఇంటి యజమానురాలిని ‘మామా’ అంటాం, ఇక్కడి అరబ్బును పెళ్ళాడి వచ్చిన అమెరికా మనిషి. బూషా ఆమెకు తల్లి. నాకు... ఏమని రాయాలి? ఈ అరబ్బు దేశంలో, ఈ మిష్రిఫ్ ఇంట్లో నా పనంతా ఆమే. అమెరికాలో ఉండే పోలిష్ వాళ్ళు అవ్వను ‘బూషా’ అంటారట. మనవరాలు మరియమ్ అలా పిలిచేది, నేనూ అలాగే పిలిచాను.

ఆస్పత్రి చలిగదిలో పెట్టారు. ఎంబసీ కాగితాలు వస్తే విమానంలో చికాగోకు. అక్కడ భర్త స్టాన్లీ పక్కన చోటు ఎప్పుడో కొనిపెట్టారట. గోరీ రాయి మీద ఆమె పేరు కూడా చెక్కేశారట, చావు తేదీ ఒక్కటే ఖాళీ.

భర్త పక్కన. అదే నాకు మింగుడుపడడం లేదు.

జనవరి 8, గురువారం

ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికాను. చేతులకు పని లేకపోతే పిచ్చెక్కుతోంది.

బూషా నన్ను ఆ మాట అడిగిన రోజు ఎండాకాలం. ఏసీ హోరు. బూషాకు మతి అప్పుడప్పుడూ పోతున్న రోజులు, కానీ ఆ పూట బాగానే ఉంది. నేను రొట్టెకు వెన్న రాస్తున్నాను.

‘నన్ను స్టాన్లీ పక్కన పెట్టొద్దు. మా అమ్మ పక్కన పెట్టమను. అదే శ్మశానం, ఆ చివర. నువ్వు చెప్పాలి.’

‘అట్నేలే బూషా’ అన్నాను. ముసలివాళ్ళు ఏమడిగినా మనం అనే మాటే.

ఆమె చెయ్యి చాపింది. వాళ్ళలో మాట కుదిరితే చేతులు కలుపుతారు, అంతకుమించి ఏం లేదు. నేనూ ఆ చేతిలో చెయ్యి వేశాను. వేశాక తట్టింది. మా వైపు చేతిలో చెయ్యి వేస్తే ప్రమాణం. ఆమేమో నిశ్చింతగా రొట్టె తిని, ఇంకోటి అడిగింది.

జనవరి 9, శుక్రవారం

సెలవు. ఖైతాన్‌లో ఖాదర్‌బీ అక్క గదికి వెళ్ళాను. రాయచోటి మనిషి, ఇక్కడ కుట్టుపని. దోసెలు పోస్తూ తిట్టింది.

‘నీకేం పట్టిందే? వాళ్ళమ్మ, వాళ్ళ నాయన, వాళ్ళ గోరీలు. నడిమధ్య నీ బాధేంది? మీ మామాతో రిలీజ్ కాగితం మీద సంతకం పెట్టిచ్చుకో, ఖలాస్. సాల్మియాలో పని చూసిపెట్టినా గదా నీకు.’

‘చేతిలో చెయ్యేసినా అక్కా.’

‘ఎందుకేసినావే మరి’ అని నా వైపు చూడకుండా దోసె తిప్పింది.

ఆమె భయం నాకు తెలుసు. మామాకు కోపమొస్తే రిలీజ్ ఇవ్వదు, అది లేకుండా ఇంకోచోట పనికి చేరలేను. ఆమె ఆడబిడ్డకు వఫ్రాలో తోట ఉంది, అక్కడికి మనిషి కావాలని అడుగుతూనే ఉంది. వఫ్రా అంటే గొర్రెలు, ఇసుక, ఎప్పుడో ఒక బస్సు. ఖాదర్‌బీ అక్క మొహం కూడా చూడలేను.

జనవరి 10, శనివారం

మామా ఎదుటికి పోవడం, టీ కావాలా అని అడిగి రావడం. రోజంతా ఇదే.

జనవరి 11, ఆదివారం

మరియమ్ ఫోన్ పట్టుకుని వచ్చింది. పరీక్షలున్నాయని తను అమెరికా వెళ్ళడం లేదు, అక్కడ అందరికీ చూపించడానికి వీడియో చేస్తోంది. ‘రమణా, బూషా నీకేమేం చెప్పేదో చెప్పు.’

చెప్పాను. చికాగోలో సాసేజ్‌ల కొట్టు మీద ఇల్లు, తలంటుకున్నా పోని పొగవాసన. వాళ్ళమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, కూరగాయలవాడితో పోలిష్‌లోనే పోట్లాడి గెలిచేదట. బూషా మిఠాయిల ఫ్యాక్టరీలో చాక్లెట్లకు కాగితం చుట్టేది. వాటిని చూస్తేనే వికారం, అందుకే ఎవరు తెచ్చినా నాకిచ్చేసేది. శనివారం డాన్సుకు పోవడానికి చెల్లెలి బూట్లు దొంగతనం. భర్త పోయాక ఒక్క చలికాలం ఉందామని ఇక్కడికొచ్చి, ఇక వెళ్ళనేలేదు.

పిరోగీల సంగతి కూడా చెప్పాను. పిండిలో ఆలుగడ్డ కూరి మడిచే వాటికి నేను కజ్జికాయల అంచు కట్టానని, చూసి బూషా ‘మా అమ్మ కూడా ఇంత బాగా కట్టలేదు’ అందని. మరియమ్ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

‘మరి తాతయ్య గురించి?’

పొయ్యి మీద అన్నం ఉందని చెప్పి లేచి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

జనవరి 12, సోమవారం

స్టాన్లీ తాగేవాడు కాదు, కొట్టేవాడు కాదు. పలికేవాడు కాదు, అంతే. పురిటికి పుట్టింటికి పోయిన బూషా చెప్పిన రోజుకు తిరిగి రాలేదని కోపం. ఆ కోపం చచ్చేదాకా. ఒకే ఇల్లు, ఒకే బల్ల, ఒకే మంచం. ఏం కావాలన్నా కూతురితో, అంటే మామాతో, చెప్పించేవాడు. ‘మీ అమ్మకు చెప్పు, సూప్ చల్లారిందని.’ అమ్మ ఎదురుగానే ఉండేదట.

‘అక్కడ కూడా పక్కనే పడుకుని పలకడు. ఇక నా వల్ల కాదు రమణా’ అనేది బూషా.

ఇది తలచుకుంటే నాకు ఆ మనిషి మీద ఒళ్ళు మండుతుంది. ఎన్నడూ చూడని మనిషి మీద.

సాయంత్రం మామా బూషా మంచం మీద వచ్చి కూర్చుంది. నోరు తెరుద్దామనుకున్నాను. ఆమే మొదలుపెట్టింది. ‘మా నాన్నకు నేనంటే ప్రాణం. ఏదున్నా నాతోనే చెప్పేవాడు, తెలుసా? అమ్మతో కూడా కాదు.’

చిన్నపిల్ల మొహం పెట్టుకుని అంటోంది. చెప్పకుండా దిండుకు గలేబు తొడిగాను.

జనవరి 13, మంగళవారం

కాగితాలు వచ్చాయి. ఎల్లుండి విమానం.

జనవరి 14, బుధవారం

చెప్పేశాను.

వంటింట్లో. నాకొచ్చిన అరబ్బీ, ఇంగ్లీషు కలిపి. పురుడు, కోపం, సూప్, వాళ్ళమ్మ పక్కన చోటు, అన్నీ. మామా తుడిచిన గట్టునే తుడుస్తూ విన్నది.

‘అప్పటికి ఆమెకు మతి లేదు.’

‘ఆ పూట ఉంది మామా.’

‘మా నాన్నను నువ్వు చూశావా?’

‘లా, మామా.’ లేదన్నాను.

ఇంతలో మరియమ్ నీళ్ళకోసం వచ్చింది. మామా కూతురి వైపు తిరిగింది. ‘రమణతో చెప్పు, నా సూట్‌కేస్ కిందికి తెమ్మని.’

నేను చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉన్నాను. మరియమ్ నన్నూ వాళ్ళమ్మనూ మార్చి మార్చి చూసింది. మామాకు తను ఏం చేసిందో తెలియలేదు. నాకు తెలిసింది. సూట్‌కేస్ మెట్ల మీద రెండుచోట్ల తగిలించాను.

జనవరి 15, గురువారం

మామా వెళ్ళింది. అదే విమానంలో, కింద ఎక్కడో, బూషా కూడా. గుమ్మంలో నాతో ఒక్క మాట లేదు. రిలీజ్ సంగతి అడగలేదు, అడిగే మొహం నాకెక్కడిది?

మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పుతారు. బూషాకు ఎవరున్నారు? చెల్లెలు కూడా పోయింది.

జనవరి 16, శుక్రవారం

వఫ్రా ఆడబిడ్డ ఫోన్. బట్టలు సర్దుకోమంది, యల్లా, త్వరగా అంది. ఖాదర్‌బీ అక్కకు చెప్తే గట్టిగా తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

సర్దడం, తీయడం, మళ్ళీ సర్దడం.

జనవరి 17, శనివారం

మామా నుంచి వాయిస్ మెసేజ్. నాకే, మరియమ్‌కు కాదు. వెనక గాలి హోరు, ఏదో యంత్రం చప్పుడు.

‘రమణా. ఎక్కడ తవ్వాలో చెప్పమని వీళ్ళు నిలబడి ఉన్నారు. రెండు చోట్లూ చూసి వచ్చాను. చెప్పేముందు నాకొకటి కావాలి. అమ్మ నా గురించి ఏమైనా అందా?’

అంది. ఒకసారి, జుట్టు దువ్వుతున్నప్పుడు. ‘నా కూతురా? అది వాడి నోరు’ అంది. కోపంగా కూడా కాదు, వాతావరణం సంగతి చెప్పినట్టు. కానీ మామా అడుగుల చప్పుడు వినిపిస్తే, కూతురికి చక్కగా కనబడాలని దువ్వెన అడిగేది కూడా ఆమే.

రెండోది ఒక్కటే చెప్తే సరిపోతుందా? అది అబద్ధం కాదు. మొదటిది వింటే నాన్న పక్కనే తవ్వమంటుందేమో. అది దాచి బూషాను వాళ్ళమ్మ దగ్గరకు పంపితే నా ప్రమాణం నిలుస్తుంది. ఆ చల్లటి నేల మీద తవ్వేవాళ్ళ ముందు ఆ కూతురు నిజం అడుగుతోంది మరి.

మైకు బొమ్మ నొక్కాను. ‘మామా’ అన్నాను. ఆపేశాను. తుడిచేశాను. మళ్ళీ నొక్కాను.

నేను విన్నట్టు ఆమె ఫోన్‌లో నీలం టిక్కులు పడి ఉంటాయి. ఇంకో మెసేజ్ వచ్చింది, రాతలో. ‘రమణా, ఉన్నావా?’