జారింది కాలు కాదు, మెట్టు

అయ్యా,

గాయాల నివారణ సంఘం అధికారి గారి సముఖమునకు, పాదచారుల వంతెన కింద తాళాలు బాగుచేసుకుని బతుకువాడు చేసుకొను విన్నపము.

విషయం: ఆసుపత్రి చీటీల మీది "కాలు జారినది" అను ముద్రను మార్పించుట, వంతెన మెట్టు బాగుచేయించుట గురించి.

1. వంతెనకు కింద నుంచి మూడో మెట్టు కుంగి, ఒక పక్కకు ఒరిగి ఉన్నది. పడినవారు నేరుగా నా దుకాణం ముందే తేలుచున్నారు. నా స్టూలు వారికే సరిపోవుచున్నందున గిరాకీలు నిలబడే ఉంటున్నారు. ఏడో నెల గర్భిణి అయిన నా భార్య సైతం ఆ మెట్టు మీదుగానే కుట్టుపనికి పోయి వచ్చుచున్నది.

2. ఆసుపత్రి గుమస్తా రాసి రాసి చేతులు పడిపోయి, "కాలు జారినది" అని రబ్బరు ముద్ర చేయించుకున్నాడు. ఎక్కడ పడ్డారని అడగడు, చెప్పినా రాయడు. తుంటి ఎముక విరిగిన మా అత్తగారి చీటీ మీదా అదే కొట్టాడు. ఆవిడ పక్కింటామె చేత చదివించుకుని, "డెబ్బై ఏళ్ళొచ్చాక నా మీద ఈ నింద ఏంటి బాబూ?" అని ఏడ్చారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

3. తమ సంఘం వారు ఆ చీటీలన్నీ లెక్కగట్టి, ఈ పేట జనానికి నడక చేతకాదని తేల్చారు. "చూసి నడవండి" అని రంగుల పోస్టరు వేయించి, సరిగ్గా ఆ మెట్టు పక్క గోడకే, తలెత్తి చదవాల్సినంత ఎత్తున అంటించారు. జనం అది చదువుతూ పడుతున్నారు.

4. పోస్టరు పీకబోతే అది ప్రభుత్వ ఆస్తి అని తమ బంట్రోతు కసిరాడు. మరి మెట్టు ఎవరి ఆస్తి అంటే, పైవాళ్ళని అడగమన్నాడు. అందుకే అడుగుతున్నాను.

కావున చీటీలో "ఎక్కడ పడ్డారు" అని ఒక్క గడి పెట్టించండి. ఇంతమంది కాళ్ళు ఒక్కచోటే ఎందుకు జారుతున్నాయో తమకే తెలిసిపోతుంది. ఇంతకుముందు పెట్టిన అర్జీలకు "పరిశీలనలో ఉన్నది" అన్నారు. పరిశీలించడానికి అక్కడికి ఎవరూ రాలేదు.

ఈ నాలుగు ముక్కలూ చిత్తగించి, తాము ఒక్కసారి ఆ మెట్టు దాకా నడిచి రావలెను.

తమ విధేయుడు,
వంతెన కింది తాళాలవాడు

తా.క.: అయ్యా, మా ఆవిడ దిగే వేళకి రోజూ దుకాణం వదిలేసి ఆ మెట్టు దగ్గర నిలబడుతున్నాను. చెయ్యి పట్టుకుని దింపుతున్నాను. పనికి వెళ్ళొద్దంటే, "ఇల్లెలా గడుస్తుంది?" అంటుంది. నాకు భయంగా ఉంది. మేస్త్రీని పంపండి, ఇసుక నేను మోస్తాను. ఆ ముద్ర గనక మా ఆవిడ చీటీ మీద పడిందా, ఈసారి "అయ్యా" అని మొదలుపెట్టి రాయను.