ఎర్రమట్టి కోర్టు ఎవరికి దక్కాలంటే

హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్ నగర్‌కు వెళ్లే దారిలో నివసిస్తున్న ముక్కామల త్రినాథరావు అనే నేను, కీర్తిశేషులు వెంకటరమణయ్య గారి కుమారుణ్ణి, వయసు డెబ్బైమూడు, విశ్రాంత బ్యాంకు అధికారిని, ఒకప్పటి ఔత్సాహిక టెన్నిస్ ఆటగాణ్ణి, ఆ తర్వాత అంపైరును, రెఫరీని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. దీనికి ముందు రాసినవన్నీ రద్దు. నా తెలివి మీద రేపు ఎవరైనా కేసు వేస్తారేమోనని డాక్టరు రష్మి గారి సర్టిఫికెట్ జతచేశాను. ఎవరు వేస్తారో నాకు తెలుసు. పేరు రాయను. ఇది చదివేటప్పుడు ముందుగా ఎవరు దగ్గుతారో చూడండి.

1. దీన్ని అమలు చేయాల్సింది నా డబుల్స్ జోడీ సుబ్రహ్మణ్యం. మా ఇద్దరి మధ్యకు వచ్చిన ప్రతి బంతికీ "నీదే, నీదే" అని అరిచి పక్కకు తప్పుకునేవాడు. తనకు రావాల్సినదాన్నే ముట్టుకోనివాడు ఇతరులది ముట్టుకోడని నా ధైర్యం. అయినా బీరువా తాళాలన్నీ ఒకేసారి అతని చేతికి ఇవ్వవద్దు.

2. ఈ చుట్టుపక్కలంతా రాళ్లగుట్టలుగా ఉన్నప్పుడు నా జీతంతో కొన్న స్థలం ఇది. ఇందులోని ఇంట్లో నా భార్య శ్యామలాదేవి జీవితాంతం ఉంటుంది. తర్వాత పిల్లలిద్దరికీ సమానం. ఎండలో అంపైరు కుర్చీ ఎక్కే నాకోసం ఆమె ఏటా ఒక టోపీ కుట్టేది. వాటిని ఎవరికీ అరువు కూడా ఇవ్వలేదు. అవన్నీ ఆమెకే. నేను ఔట్ అన్న బంతి లోపలే పడిందని పదిమందిలో కూర్చుని తల అడ్డంగా ఊపేది, ఆ కినుక ఇంకా ఉంది. శ్యామలా, నువ్వంటే నాకు చాలా ఇష్టం.

3. నేను గెలిచిన ఒకే ఒక్క వెండి కప్పును పాలిష్ పెట్టిస్తానని మా బావమరిది రాఘవేంద్ర పట్టుకెళ్లాడు. తిరిగొచ్చాక తేలికైంది. దాన్ని అతనికే ఇస్తున్నాను. అసలుదైతే అతని అదృష్టం. కాకపోతే ఎవరి వస్తువు వాళ్లకు చేరినట్టే.

4. మధురానగర్ ఫ్లాటు మా అమ్మాయి ప్రణవికి. కాగితాల్లో అల్లుడి పేరు ఎక్కడా చేర్చవద్దు. మంచివాడే. మరీ మంచివాడు.

5. బోరబండ నుంచి వచ్చి మా టెన్నిస్ కోర్టుకు నీళ్లు చల్లి రోలర్ లాగే జంగయ్యకు, కోర్టు వెనక గదిలో బతికినంతకాలం ఉండే హక్కు.

6. ఇక ఇంటి వెనక, విడిగా రిజిస్టరైన ఎర్రమట్టి కోర్టు. నా ప్రాణం అందులోనే ఉంది.

నా కొడుకు చిన్మయ్ సినిమా ప్రొడక్షన్‌లో పనిచేస్తాడు. "రెండు షాట్లే నాన్నా" అని ఒకసారి దాన్ని పాట షూటింగ్‌కు ఇప్పించాడు. ట్యాంకర్లు పెట్టి వాన కురిపించారు. హీరో రాకెట్‌ను గరిటెలా పట్టుకున్నాడు. జంగయ్య చూసి, "సార్, గీడ ఇగ నాట్లు ఎయ్యచ్చు" అన్నాడు. ఆ ఏడాది ఆట లేదు. అప్పట్నుంచి చిన్మయ్ కాఫీ తెచ్చిచ్చినా వెనక ఏ నిర్మాత ఉన్నాడో, ఏ బిల్డరు ఉన్నాడో అనుకుంటాను. కోర్టు ప్రణవికే రాద్దామని నిశ్చయించుకున్నాను.

పోయిన నెల ఒక ఆదివారం అక్కాతమ్ముళ్లు ఆడారు. కుర్చీలో నేను. సెట్టు తేల్చే పాయింటు. ప్రణవి కొట్టిన బంతిని ఔట్ అన్నాను. గెలిచినవాడు గెలిచినట్టు ఉండక, చిన్మయ్ వెళ్లి మట్టిలో బంతి పడిన గుర్తు చుట్టూ రాకెట్‌తో గీత గీశాడు. "నాన్నా, లోపలే పడింది. పాయింటు అక్కది" అన్నాడు. దిగి చూశాను. నిజమే. సెట్టు ఓడిపోయాడు.

అది నిజాయితీయా? నేను వీలునామా రాస్తున్నానని తెలిసి నా ముందు వేసిన వేషమా? రోజూ నటుల మధ్య తిరిగే పిల్లవాడు. ఏ బిల్డరుతోనైనా మాట్లాడుతున్నాడేమోనని వాకబు చేయించాను. లేదన్నారు. దొరక్కపోవడం కూడా తెలివే కావచ్చు. ఎంత ఆలోచించినా తేలలేదు. వాణ్ణి నమ్మకుండా పోతానేమోనని భయం వేస్తోంది.

కొత్త అంపైర్లకు నేను మొదటి రోజే చెప్పేది ఒకటుంది. బంతి బయట పడటం కచ్చితంగా చూడకపోతే, అది లోపల పడినట్టే లెక్క.

నా కొడుకు విషయంలో నేను కచ్చితంగా చూడలేదు. కోర్టు చిన్మయ్‌కే ఇస్తున్నాను. షరతులు లేవు.

జూబ్లీహిల్స్, 2025 నవంబరు 9.

(సంతకం) ముక్కామల త్రినాథరావు

సాక్షులు: శేషారత్నం, విశ్రాంత ఉపాధ్యాయిని, వెంగళరావు నగర్. ఓంప్రకాష్, వ్యాపారి, ఎదురిల్లు. ఇద్దరికీ నా ఆస్తిలో చిల్లిగవ్వ రాదు. నా కళ్లెదుటే, ఎవరి పెన్నుతో వారు సంతకం చేశారు.